యాభై ఒక్క ఫారాలు

పాత పుస్తకం కొనేటప్పుడు నేను ముందు పేరు చూడను. పుస్తకం మూసి, కుట్టు ఉండే వీపు అవతలికి తిప్పి, కాగితాల అంచు చూస్తాను. చదివినవాళ్ల వేళ్ల మురికి అక్కడ పడుతుంది. ఎంతవరకు చదివితే అంతవరకు అంచు నల్లబడుతుంది. ఎక్కడ విసుగు పుట్టి వదిలేశారో అక్కడి నుంచి తెల్లగా ఉంటుంది. అమ్మడానికి వచ్చినాయన "అద్భుతమైన పుస్తకమండీ, రెండుసార్లు చదివాను" అంటాడు. "నలభయ్యో పేజీ దాకానా?" అంటాను నేను. ఆయన గతుక్కుమంటాడు, ధర దిగుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ విద్య నన్ను పోషించింది. ఒకే ఒక్కసారి నిలువునా ముంచబోయింది.

మా కొట్టు ముందు భాగంలో నేను పాత పుస్తకాలు కొని అమ్ముతాను. వెనక గదిలో చిరిగిన పుస్తకాలకు కుట్టు వేసి, కొత్త అట్ట కడతారు. కడతారు అంటే నలుగురైదుగురు కాదు, మా అక్క కూతురు ఒక్కతే. ఎప్పుడు చూసినా జాకెట్టు భుజానికి దారంతో సహా సూది గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అందరం దాన్ని సూది అనే పిలుస్తాం. పన్నెండేళ్లుగా నా దగ్గరే పని. ఊళ్లో పెద్ద గ్రంథాలయం పుస్తకాలు కూడా మాకే వస్తాయి. సూది కుట్టిన పుస్తకాన్ని గోడకేసి కొట్టినా ఒక్క కాగితం ఊడదు.

అలాంటి మనిషి ఖజానా శాఖలో ఉద్యోగానికి పరీక్ష రాసింది. ప్రభుత్వం జనం దగ్గర అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చే ఋణపత్రాలు ఉంటాయే, వాటి రికార్డులు చూసే విభాగంలో నాలుగు ఖాళీలు. రెండుసార్లు తప్పింది. మూడోసారి రాతపరీక్ష నెగ్గింది. వచ్చే ఏడాదికి దాని వయసు హద్దు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరుసారి.

మిగిలింది మౌఖిక పరీక్ష. దానికో పద్ధతి ఉంది. శాఖవాళ్లు రెండు పుస్తకాల పేర్లు ఇస్తారు. ఒకటి ఆర్థిక చరిత్ర, ఎనిమిది వందల పదహారు పేజీలు. రెండోది ప్రభుత్వ ఋణాల గురించి, నూట తొంభై రెండు పేజీలు. అభ్యర్థి ఏదో ఒకటి ఎంచుకుని దరఖాస్తులో రాయాలి. ఆ ఒక్క పుస్తకం మీదే ప్రశ్నలు. ఒకసారి రాశాక మార్చుకోవడం కుదరదు. దరఖాస్తు ఇచ్చాక పరీక్షకు పదకొండు రోజుల గడువు.

రాతపరీక్ష నెగ్గినవాళ్లు ఇరవై ఎనిమిది మంది. నాలుగు రోజుల్లో అందులో సగం మంది నా కొట్టుకు వచ్చారు. అందరిదీ ఒకటే మాట.

"సన్నది ఉందా అండీ?"

"లావుది కూడా ఉంది, చూస్తారా? మూడున్నాయి."

"అది పుస్తకమా, పునాదిరాయా?" అన్నాడొకడు.

సన్నవి పద్నాలుగు ఉంటే పదమూడు అమ్మాను. ఒకటి సూది కోసమని పక్కన పెట్టాను. లావువి మూడూ, ఎక్కడో మిగిలిపోయిన ఎవరూ తెరవని ప్రతులు, పైఅరలో అలాగే కూర్చున్నాయి.

దరఖాస్తు ఇవ్వాల్సిన రోజు మధ్యాహ్నం దాకా సూది ఏదీ తేల్చుకోలేదు. తేల్చుకునే తీరిక నేనిస్తేగా! గ్రంథాలయం వాళ్ల ముప్పై పుస్తకాలు సాయంత్రానికల్లా పంపాలని నెత్తిన కూర్చున్నాను. చేతులకు జిగురుతో బయటికి వచ్చి, దరఖాస్తు నా బల్ల మీద పెట్టింది. సంతకం ఉంది. పుస్తకం పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"మామయ్యా, గ్రంథాలయం దాటే కదా ఖజానా ఆఫీసు. ఇది కూడా ఇచ్చేసిరా. ఏ పుస్తకం మంచిదో నీకంటే ఎవరికి తెలుసు? నువ్వే చూసి రాయి."

"నా మీదే వదిలేస్తావా?"

"పన్నెండేళ్లు జీతం నీ మీదే వదిలేశానుగా!" అని నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాటకు నేను కూడా నవ్వాను. కానీ పుస్తకాల బండి వెనక గ్రంథాలయం దాకా నడుస్తున్నంతసేపూ నా బుర్ర తక్కెడలాగా ఊగుతూనే ఉంది. ఇరవై ఏడు మంది ఒకే సరుకు తెచ్చిన సంతలో ఇరవై ఎనిమిదోవాడు అదే సరుకు తెస్తే ఎవరు చూస్తారు? పొద్దున్నుంచి అవే జవాబులు విని విని పరీక్షించేవాళ్లకు ఆవులింతలు వస్తాయి. అక్కడ మా పిల్ల ఒక్కతే లావు పుస్తకం పేరు చెబితే? బాగుంటుంది. కానీ ఎనిమిది వందల పేజీలు పదకొండు రోజుల్లో చదవడమెలా?

గ్రంథాలయంలో పుస్తకాలు అప్పజెప్పాక, ఆర్థిక శాస్త్రం అరల దగ్గరికి వెళ్లాను. అక్కడా ఆ లావు పుస్తకం ఉంది. తీసి మూసి అంచు చూశాను. మొదటి నూరు పేజీలు బొగ్గులా నలుపు. అక్కడి నుంచి చివరిదాకా పాలలా తెలుపు. ఈ ఊళ్లో ఆ పుస్తకం చదివిన ప్రతివాడూ నూరో పేజీ దగ్గర చేతులెత్తేశాడన్నమాట. పరీక్ష పెట్టేవాళ్లు మాత్రం ఈ ఊరివాళ్లు కాదా? వాళ్లూ ఈ అంచు నలుపు చేసినవాళ్లే. తాము చదవని చోటు నుంచి ఎవరూ ప్రశ్న అడగరు. కాబట్టి సూది నూరు పేజీలు కంఠతా పడితే చాలు. సన్న పుస్తకంలో సగం శ్రమ, పైగా బరిలో తనొక్కతే!

జేబులోంచి కలం తీసి, అక్కడే నిలబడి, ఖాళీ చోట ఆర్థిక చరిత్ర పేరు గుండ్రంగా రాశాను. ఖజానా ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకున్నాను.

కొట్టుకు వచ్చేసరికి మా ఆవిడ కూడా అక్కడే ఉంది, సూదికి జిగురు కలిపి ఇస్తోంది. నేను రసీదు ఊపుతూ నా లెక్కంతా విప్పి చెప్పాను. సూది ముందు నవ్వుతూ విన్నది. గ్రంథాలయం ప్రతి సంగతి వచ్చేసరికి చేతిలో కుంచె కింద పెట్టింది.

"ఏ ప్రతి చూశావు మామయ్యా? ఎర్ర అట్టా?"

"అదే. మన దగ్గర కట్టిందే అనుకుంటా."

"మన దగ్గర కాదు, ఈ చేతులతో కట్టాను. మూడేళ్ల కింద గ్రంథాలయం కప్పు కారిందని రెండు ప్రతులు పంపారు, గుర్తుందా? ఒకదానికి వెనక భాగమంతా నానిపోయింది. రెండోది ఎవరూ ముట్టనిది, దానికి ముందు పేజీలు చిరిగిపోయాయి. దీని ముందు భాగం, దాని వెనక భాగం కలిపి ఒకటి చేశాను. నువ్వు చూసిన తెలుపు ఆ ముట్టని ప్రతిది."

"మరి నానిపోయిన వెనక భాగం?"

"అంచు నల్లగా ఉంది. ముందు భాగం కంటే నలుపు."

ఆ రెండు ముక్కల పుస్తకానికి బిల్లు రాసింది నేనే. దాని అంచు చూసి మోసపోయిందీ నేనే. మా ఆవిడ జిగురు గిన్నె బల్ల మీద గట్టిగా పెట్టింది.

"ఏమండీ, ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పండి. ఈ పిల్ల ఉద్యోగానికి పోతే మీకు కుట్టేవాళ్లు దొరకరని కాదు కదా ఈ పని చేసింది?"

"నీకేమైనా మతిపోయిందా?" అని అరిచాను. ఆ అరుపులో కొంచెం కల్తీ ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. దరఖాస్తు మీద పేరు రాసేటప్పుడు ఆ ఆలోచన లేదు, ఒట్టు. కానీ రాతపరీక్ష ఫలితం వచ్చిన రోజున నాకు కలిగిన సంతోషంలో ఒక ముక్క తక్కువైంది. అది ఎందుకు తక్కువైందో నాకు తెలుసు.

సూది చేతుల జిగురు తుడుచుకుంది. నిచ్చెన వేసుకుని పైఅర ఎక్కి, లావు పుస్తకం ఒకటి దింపింది. దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టి, దాని వంక చూస్తూ నిలబడింది. కంటి చివర నీరు కనిపించింది. దుమ్ముకే అనుకుందామన్నా దుమ్ము ఆ పిల్లకు అలవాటే.

"ఇంత లావు ఎప్పటికి అవుతుంది మామయ్యా?"

ఎవరైనా సరుకు చూసి బెదిరితే దాన్ని చిల్లరగా విడదీసి చూపించాలి. అది నా వ్యాపారంలో మొదటి పాఠం. పెద్ద చాకు తీసుకుని పుస్తకం వీపు మీద పెట్టాను.

"ఆగు! ఏం చేస్తున్నావు? కొత్త పుస్తకం అది!"

"పన్నెండేళ్లుగా అతికించావు. ఇవాళ విడదీద్దాం. ఒక్కో ఫారం ఒక్కో పుస్తకం అనుకో."

పుస్తకమంటే ఒక్కొక్క కాగితం పేర్చింది కాదు. పదహారు పేజీలొక మడత, దాన్ని మేం ఫారం అంటాం. ఆ ఫారాలన్నీ కలిపి కుడితే పుస్తకం. నా చేతి చాకు వంకరగా దిగేసరికి సూది చూడలేకపోయింది. "ఇటివ్వు, చింపేస్తావు" అని లాక్కుని, చిన్న బ్లేడుతో దారాలు ఒక్కొక్కటే తెంపింది. యాభై ఒక్క ఫారాలు బల్ల మీద వరసగా పడ్డాయి. పునాదిరాయి కాస్తా పలుచని పొత్తాలైపోయింది.

"రోజుకు అయిదు. పది రోజులకు యాభై. ఒకటి మిగులుతుంది," అన్నాను.

"మరి నా పని?"

"నేను చేస్తాను."

ఆ మాటకు అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి నవ్వారు. సూది కళ్లు తుడుచుకుంది. నా పరువు పోతే పోయింది, నవ్వింది కదా అనుకున్నాను.

మర్నాటి నుంచి వెనక గదిలో సూది పని నా చేతికి వచ్చింది. మూడు పుస్తకాలు కుట్టాను. ఒకటి తలకిందులుగా కట్టాను. దాని యజమాని వచ్చి, "ఏమండీ, ఇది చదవాలంటే నేను తలకిందులుగా నిలబడాలా?" అని అడిగాడు. ఆయనకు క్షమాపణ చెప్పి, మిగతా పనులన్నీ వెనక్కి పంపేశాను. గ్రంథాలయం వాళ్లకు రెండు వారాలు పని పట్టలేమని కబురు చేశాను. పోయిన రాబడి ఎంతో లెక్కేయలేదు. నా జీవితంలో లెక్కేయని పదిరోజులు అవే.

సూది కిటికీ దగ్గర కూర్చుని ఒక ఫారం చదివి నాకిచ్చేది. నేను గల్లాపెట్టె దగ్గర అదే చదివేవాణ్ని. ముప్పై ఒక్క ఏళ్లుగా పుస్తకాలు తూకం వేసి అమ్మినవాణ్ని, మొదటి నుంచి చివరిదాకా చదివినది మాత్రం ఒక్కటీ లేదు. ఆ పది రోజుల్లో రేవులు తెరుచుకోవడం, కరువులో గింజల ధరలు ఎగరడం, మగ్గాల మీదికి మిల్లులు రావడం అన్నీ చూశాను. అర్థం కానిచోట నిజంగా అర్థం కాకే అడిగేవాణ్ని. అదే దానికి అభ్యాసమైంది.

ఏడోరోజున అప్పుల అధ్యాయం వచ్చింది. ముప్పై మూడో ఫారం చేతికిస్తూ సూది, "ఇది నేను మునుపే చదివాను," అంది.

"ఎప్పుడు?"

"నానిపోయిన కాగితాలు తాడు మీద ఆరేసినప్పుడు. అతుక్కోకుండా ఒక్కొక్కటే విడదీయాలి కదా, ఆరేదాకా కళ్లెదురుగానే వేలాడేవి. ఆరాక మరీ ముడతలు పడ్డాయని పారేశాం కానీ, అసలు ఈ ఉద్యోగానికి రాయాలనిపించింది అవి చదివాకే."

పన్నెండేళ్లు నా కళ్ల ముందే ఉన్న మనిషి. ఏం చదువుతోందని ఒక్కసారి కూడా అడగలేదు నేను.

ఆ ఫారం చదువుతుంటే నాకొకచోట ఒళ్లు మండింది. కొన్ని ప్రభుత్వాలు ఒకప్పుడు వింత అప్పులు చేశాయట. ఏటా వడ్డీ ఇస్తాయి, అసలు తిరిగిచ్చే తేదీ మాత్రం పత్రం మీద ఉండదు.

"తేదీ లేకుండా అప్పా? ఎవడిస్తాడే? నేనైతే గుమ్మం కూడా ఎక్కనివ్వను!"

"ఇచ్చారు మామయ్యా. చాలామంది ఇచ్చారు."

"వాళ్లకేం, పిచ్చా?"

సూది జవాబు చెప్పబోయి ఆగిపోయింది. "అది నువ్వే చెప్పాలి. ఆలోచించు," అని తర్వాతి ఫారం తీసుకుంది. నేను రెండు రోజులు ఆలోచించాను, తోచలేదు. తనకు కూడా పూర్తిగా తోచలేదని మొహం చూస్తే తెలిసింది.

పరీక్ష రోజు ఆఖరి ఫారం బస్సులో చదివింది. ఖజానా ఆఫీసు వరండాలో బల్ల మీద నేను కూర్చున్నాను. లోపలికి వెళ్లినవాళ్లు సరిగ్గా పది నిమిషాలకు బయటికి వస్తున్నారు. నా దగ్గర సన్న పుస్తకం కొన్నవాళ్లే చాలామంది. "పునాదిరాయి" అన్నవాడు కూడా వచ్చి, నన్ను చూసి తల ఊపి వెళ్లాడు.

సూది లోపలికి వెళ్లింది. పది నిమిషాలయింది. మంచిదే అనుకున్నాను. ఇరవై అయింది. బేరం ఎక్కువసేపు సాగితే కొనేవాడికి ఇష్టం ఉన్నట్టే, కానీ మరీ సాగితే పొరపాటు ఏదో బయటపడ్డట్టు. ముప్పై అయింది. లేచి వరండాలో అటూ ఇటూ నడిచాను. నలభై నిమిషాలకు తలుపు తెరుచుకుంది. సూది మొహం ఎర్రగా కంది ఉంది.

"ఏమన్నారు?"

"ముందు మంచినీళ్లు."

సీసా సగం ఖాళీ చేశాక చెప్పింది. లోపల ముగ్గురున్నారట. మధ్యలో కూర్చున్న కళ్లద్దాల పెద్దావిడ దరఖాస్తు చూసి, "ఇదెవరమ్మా, ఇంత ధైర్యం?" అందట.

"ధైర్యం కాదండీ, మా మామయ్య తెలివి, అన్నాను నేను. ముగ్గురూ నవ్వారు."

"నా పేరెందుకు తీశావే?"

"విను. ఆవిడ నువ్వడిగిన ప్రశ్నే అడిగింది. తేదీ లేని అప్పు జనం ఎందుకిచ్చారు అని. అప్పుడు మన కొట్టు కళ్లముందు కనబడింది. కొత్త పుస్తకం కొన్నవాడికి అచ్చువేసినవాడు డబ్బు వెనక్కి ఇవ్వడు కదా? అయినా జనం కొంటారు. అవసరమైతే నీ దగ్గర అమ్ముకోవచ్చని తెలుసు. అప్పుపత్రం కూడా అంతే. ప్రభుత్వం అసలు ఇవ్వకపోయినా, ఆ వడ్డీ కావాలనుకునే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పాత పత్రాల సంత ఉన్నంతకాలం, ప్రభుత్వం వడ్డీ మాట తప్పనంతకాలం, తేదీ లేకపోయినా నడుస్తుందండీ అన్నాను."

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ జవాబు మీదే కూర్చుని వ్యాపారం చేస్తూ, వాళ్లకు పిచ్చా అని అడిగానే!

"తర్వాత?"

"తర్వాత పక్కనున్న గడ్డం ఆయన నన్ను పట్టుకున్నాడు. ఆయన పుస్తకమంతా చదివినవాడు మామయ్యా! వెనక నుంచి అడుగుతాడు, మధ్యలోంచి అడుగుతాడు. రెండు ప్రశ్నలకు తెలియదన్నాను. ఒకదానికి, చదివాను కానీ అర్థం కాలేదండీ అన్నాను. ఆయన, నాకూ అర్థం కాలేదు అన్నాడు."

"నిజంగా అన్నాడా?"

"ఒట్టు. చివరికి పెద్దావిడ అంది, పొద్దున్నుంచి మాకు నిద్ర వస్తోందమ్మా, ఇప్పుడు పోయిందని."

అంటే ఆవులింతల లెక్క ఒక్కటే నిలబడింది. మిగతా నా లెక్కంతా తప్పు. ఆ గడ్డం ఆయన ముందు నూరు పేజీలతో కూర్చుని ఉంటే మా పిల్ల గతేమయ్యేదో తలుచుకోవాలంటే ఇప్పటికీ భయమే.

పద్దెనిమిది రోజులకు ఉత్తరం వచ్చింది. నలుగురిలో మూడో పేరు సూదిది. మా ఆవిడ ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి, ప్రతిసారీ మొదటిసారిలాగే ఏడ్చింది. నాకు ఈసారి సంతోషంలో ముక్కేమీ తక్కువ పడలేదు. పైకి మాత్రం, "బాగుంది, నా కొట్టు వెనక గదికి తాళం వేసుకోవాలి," అన్నాను.

"అక్కర్లేదు," అంది సూది.

రెండు రోజుల తర్వాత ఒకామెను వెంటబెట్టుకుని వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. తోలు సంచులు కుట్టే కార్ఖానా మూతపడి ఇంట్లో ఉంటోందట. సూది నెల రోజులుగా సాయంత్రాలు వాళ్లింటికి వెళ్లి ఆమెకు పని నేర్పుతోందని అప్పుడు తెలిసింది నాకు.

"నెల నుంచా? ఫలితం ఇంకా రానేలేదు కదే అప్పటికి!"

"వస్తుందో రాదో తెలియదు. పని నేర్చుకుంటే ఆమెకు నష్టమేముంది?"

ఆమె కుట్టిన పుస్తకం ఒకటి చేతికిచ్చారు. తెరిచి, వంచి, దులిపి చూశాను. కాగితం కదల్లేదు. అయినా వ్యాపారిని కాబట్టి పెదవి విరిచాను.

"పరవాలేదు. కొత్త చెయ్యి కదా. సూదికి మొదట్లో ఇచ్చినంత ఇస్తాను."

ఆ సంచులామె సరేననబోయింది. సూది అడ్డుపడింది.

"మామయ్యా, ఆగు. నాకు మొదట్లో ఇచ్చింది పన్నెండేళ్ల కిందటి ధర. నాకు చివర్లో ఇచ్చినంత ఇవ్వాలి. వారంవారం ఇవ్వాలి. మధ్యాహ్నం గంట విరామం."

"నీ చివరి జీతమా? పన్నెండేళ్ల అనుభవానికి ఇచ్చింది అది!"

"మరి నేర్పింది ఆ పన్నెండేళ్ల అనుభవమేగా?"

"ఏమే, నువ్వు ఎవరి మనిషివి?"

"ఇవాళ ఈమె మనిషిని," అంది. భుజం మీద సూది లేదు. మొదటిసారి గమనించాను. "ఒప్పుకుంటావా? ఎదురుగా అట్టల కొట్టు ఆయన కూడా మనిషి కోసం చూస్తున్నాడట."

నాకు బేరం నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, నేను నేర్పినవాళ్ల చేతిలో ఓడిపోవడం అదే మొదటిసారి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సంచులామె ఎవరి వంక చూడాలో తెలియక పుస్తకం వంక చూస్తోంది.

"గంట కాదు, ముప్పావు గంట," అన్నాను, పూర్తిగా ఓడిపోలేక.

"గంట," అంది సూది.

"సరే, గంట," అని వెనక గది తాళంచెవి తీసి ఆ సంచులామె చేతికిచ్చాను.